కులపతి పీఠం – గవర్నర్ అధికారం: రాష్ట్ర విశ్వవిద్యాలయాల స్వయంప్రతిపత్తిపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో అత్యధిక సంస్థలకు గవర్నరే పదవిరీత్యా కులపతి. ఉపకులపతుల నియామకాల విషయంలో గవర్నర్లకు, రాష్ట్ర ప్రభుత్వాలకు మధ్య గత కొన్నేళ్లుగా జరుగుతున్న వివాదాలను కేంద్ర రాష్ట్ర సంబంధాల దృష్టితో చర్చించిన రచనలు చాలా వచ్చాయి. ఆ చర్చలో విశ్వవిద్యాలయం ఒక పక్షంగా కనిపించదు. కులపతి పదవి చారిత్రక మూలాలను, న్యాయస్థానాలు దానికి చెప్పిన భాష్యాన్ని, కేరళ, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల అనుభవాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గవర్నర్‌కు ప్రభుత్వంతో విభేదం వచ్చినప్పుడు కులపతి పదవి పాలనను స్తంభింపజేస్తున్నదని, విభేదం లేనప్పుడు విశ్వవిద్యాలయానికి ఎటువంటి రక్షణా కల్పించడం లేదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కులపతి, గవర్నర్, ఉపకులపతి, విచక్షణాధికారం, స్వయంప్రతిపత్తి, అన్వేషణ సంఘం, యు.జి.సి. నిబంధనలు.

1. ఉపోద్ఘాతం

ఛాన్సలర్ అనే ఆంగ్ల పదానికి మనం కులపతి అనే మాటను స్థిరపరచుకున్నాం. ఈ అనువాదం వెనుక ఒక పెద్ద ఆదర్శం ఉంది. పదివేలమంది శిష్యులకు అన్నవస్త్రాలిచ్చి పోషిస్తూ విద్య గరపే ఆచార్యుడే కులపతి అని సంప్రదాయ నిర్వచనం. భారత కథారంభంలో నైమిశారణ్యంలో సత్రయాగం నిర్వహించిన శౌనకుడు అటువంటి కులపతి. ఈ నిర్వచనంలో పోషణ, అధ్యాపనం అనే రెండు బాధ్యతలున్నాయి. ఆ రెండింటినీ నిర్వర్తించడం వల్లనే కులపతికి అధికారం సంక్రమిస్తుంది.

నేటి రాష్ట్ర విశ్వవిద్యాలయ కులపతికి ఈ రెండు బాధ్యతలూ లేవు. నిధులు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం, బోధించేది ఆచార్యులు. కులపతి స్నాతకోత్సవానికి అధ్యక్షత వహిస్తారు, ఉపకులపతి నియామక పత్రంపై సంతకం చేస్తారు, కొన్ని చట్టాల ప్రకారం సెనేట్‌కు సభ్యులను నామినేట్ చేస్తారు, వివాదాలు వచ్చినప్పుడు విచారణకు ఆదేశిస్తారు. పోషణ, అధ్యాపనం లేకుండా మిగిలిన ఈ అధికారం ఎక్కడి నుండి వచ్చింది? ఎవరికి జవాబుదారీగా ఉంది? దానివల్ల విశ్వవిద్యాలయానికి ఒనగూడిన మేలు ఏమిటి? ఈ మూడు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. వలస పాలనలో వేసిన పునాది

1854 నాటి వుడ్ తాఖీదును అనుసరించి 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. కలకత్తాకు గవర్నర్ జనరల్ కానింగ్, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలకు ఆయా రాష్ట్రాల గవర్నర్లు కులపతులయ్యారు. పరీక్షలు జరిపి పట్టాలిచ్చే సంస్థలుగా మొదలైన ఈ విశ్వవిద్యాలయాలపై పాలకుల పట్టు క్రమంగా పెరిగింది. కర్జన్ కాలంలో వచ్చిన 1904 నాటి భారతీయ విశ్వవిద్యాలయాల చట్టం దీనికి పరాకాష్ఠ. ఈ మూడు పాత విశ్వవిద్యాలయాలలో గరిష్ఠంగా 100 మంది సామాన్య సభ్యులుండే సెనేట్‌లో ఎన్నికయ్యేవారి సంఖ్య 20కి పరిమితమైంది. తక్కినవారిలో అత్యధికులు కులపతి నామినేట్ చేసినవారే. జాతీయ భావాలు గల విద్యావంతులను విశ్వవిద్యాలయ పాలనకు దూరంగా ఉంచడమే ఈ చట్టం లక్ష్యమని ఆనాటి జాతీయ నాయకులు విమర్శించారు.

ఈ వ్యవస్థను లోపల ఉండి ఎదిరించినవారూ ఉన్నారు. బెంగాల్ గవర్నర్, కలకత్తా విశ్వవిద్యాలయ కులపతి అయిన లిట్టన్ 1923లో అశుతోష్ ముఖర్జీకి మరల ఉపకులపతి పదవిని ఇవ్వజూపుతూ, ప్రభుత్వాన్ని వ్యతిరేకించరాదన్న షరతు పెట్టాడు. ముఖర్జీ దానిని తీవ్రమైన లేఖతో తిరస్కరించారు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయిన కట్టమంచి రామలింగారెడ్డి బ్రిటిష్ ప్రభుత్వ అణచివేత విధానానికి నిరసనగా పదవిని వదులుకున్నారు. ఆయన తరువాత 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ స్థానంలోకి వచ్చారు. 1936లో రామలింగారెడ్డి మళ్లీ ఉపకులపతి అయ్యారు.

ఈ రెండు సంఘటనలలోనూ విశ్వవిద్యాలయ గౌరవాన్ని నిలిపినది ఉపకులపతి వ్యక్తిత్వం. కులపతి పీఠం ప్రభుత్వ పక్షాన ఉంది. స్వాతంత్ర్యానంతరం రాష్ట్రాలు చేసుకున్న విశ్వవిద్యాలయ చట్టాలు ఈ పీఠాన్ని దాదాపు యథాతథంగా స్వీకరించాయి. వలస పాలనలో గవర్నరే ప్రభుత్వం కాబట్టి ఆయన కులపతిగా ఉండటంలో ఒక తర్కం ఉండేది. గవర్నర్ నామమాత్ర అధినేతగా మారిన తరువాత ఆ తర్కం చెల్లదు. అయినా పీఠం మాత్రం కొనసాగింది.

3. రాజ్యాంగం, చట్టం, విచక్షణ

గవర్నర్ విశ్వవిద్యాలయానికి కులపతిగా ఉండాలని రాజ్యాంగంలో ఎక్కడా లేదు. ఆ హోదాను ఇచ్చేది శాసనసభ చేసిన చట్టం. రాజ్యాంగం 163వ అధికరణం ప్రకారం గవర్నర్ మంత్రిమండలి సలహా మేరకు వ్యవహరించాలి. షంషేర్ సింగ్ కేసులో (1974) సర్వోన్నత న్యాయస్థానం ఈ సూత్రాన్ని సుస్థిరం చేసింది. మరి శాసనం ఇచ్చిన కులపతి హోదాలోనూ ఆయన మంత్రిమండలి సలహాకు కట్టుబడి ఉండాలా?

కట్టుబడనవసరం లేదని న్యాయస్థానాలు సమాధానమిచ్చాయి. హర్ద్వారీలాల్ కేసులో (1981) పంజాబ్, హర్యానా ఉన్నత న్యాయస్థానం కులపతిగా గవర్నర్ స్వతంత్రంగా వ్యవహరించవచ్చునన్నది. వైష్ణోదేవి ఆలయ మండలికి సంబంధించిన భూరీనాథ్ కేసులో (1997) సర్వోన్నత న్యాయస్థానం, పదవిరీత్యా చట్టం అప్పగించిన బాధ్యతలలో గవర్నర్‌కు మంత్రిమండలి సలహా అనివార్యం కాదన్నది. సర్కారియా కమిషన్ కూడా, కులపతిగా గవర్నర్ మంత్రులను సంప్రదించవచ్చును గాని వారి సలహాకు బద్ధుడు కాడన్న అభిప్రాయాన్నే వెలిబుచ్చింది. పూంఛీ కమిషన్ (2010) వేరొక దారి పట్టింది. వివాదాలకు, బహిరంగ విమర్శకు తావిచ్చే కులపతి వంటి పదవులను గవర్నర్‌పై మోపరాదని అది సూచించింది. ఈ సూచన అమలు కాలేదు.

ఈ సందర్భంలో కేంద్రీయ విశ్వవిద్యాలయాలతో పోల్చి చూడటం అవసరం. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి రాష్ట్రపతి విజిటర్. రాష్ట్ర గవర్నర్ చీఫ్ రెక్టర్. కులపతి వేరుగా ఉంటారు. ఉపకులపతిని రాష్ట్రపతి విజిటర్ హోదాలో నియమించినా, దస్త్రం కేంద్ర విద్యాశాఖ ద్వారానే నడుస్తుంది. ఆ నియామకంపై పార్లమెంటులో ప్రశ్నిస్తే విద్యామంత్రి సమాధానం చెప్పాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయ కులపతి నిర్ణయంపై శాసనసభలో సమాధానం చెప్పే మంత్రి ఎవరు? కులపతి స్వతంత్రుడైతే మంత్రి బాధ్యుడు కాడు. గవర్నర్ శాసనసభకు బాధ్యుడు కాడు. కేంద్రంలో జవాబుదారీతనంతో ముడిపడిన అధికారమే రాష్ట్రంలో జవాబుదారీతనం లేనిదయింది.

4. న్యాయస్థానాల భాష్యం – ఒక విమర్శ

2022 తరువాత వెలువడిన తీర్పులు ఈ స్థితిని మరింత బిగించాయి. గుజరాత్‌లోని సర్దార్ పటేల్ విశ్వవిద్యాలయ ఉపకులపతి నియామకాన్ని 2022 మార్చిలోను, కేరళలోని అబ్దుల్ కలాం సాంకేతిక విశ్వవిద్యాలయ ఉపకులపతి నియామకాన్ని అదే ఏడాది అక్టోబరు 21న సర్వోన్నత న్యాయస్థానం రద్దు చేసింది. విద్య ఉమ్మడి జాబితాలోని అంశం కనుక రాష్ట్ర చట్టానికీ యు.జి.సి. నిబంధనలకూ వైరుధ్యం ఏర్పడితే నిబంధనలే చెల్లుతాయని నిర్ణయించింది. అర్హతల విషయంలో ఈ తీర్పులు మేలే చేశాయి. ఆచార్యుడిగా పదేళ్ల అనుభవం, ముగ్గురి నుండి అయిదుగురు నిష్ణాతులుండే అన్వేషణ సంఘం, అందులో యు.జి.సి. అధ్యక్షుని ప్రతినిధి వంటి 2018 నాటి నిబంధనలు ఇష్టారాజ్య నియామకాలకు కొంత అడ్డుకట్ట వేశాయి.

2023 నవంబరు 30న వెలువడిన కణ్ణూరు విశ్వవిద్యాలయ తీర్పు వేరు. ఉపకులపతి పునర్నియామకానికి అర్హుడేనని, వయోపరిమితి పునర్నియామకానికి అడ్డు కాదని న్యాయస్థానం అంగీకరించింది. కాని రాష్ట్ర ప్రభుత్వ ప్రమేయానికి లోబడి కులపతి తన నిర్ణయాధికారాన్ని వదులుకున్నారని, అందుచేత నియామకం చెల్లదని తీర్పునిచ్చింది. చట్టం ఒకరికి అప్పగించిన అధికారాన్ని మరొకరి ఆజ్ఞ మేరకు ప్రయోగించరాదన్నది పరిపాలనా న్యాయంలో పాత సూత్రమే. ఆ మేరకు తీర్పును తప్పుపట్టలేం.

అయితే ఈ తీర్పు తర్కంలో ఒక ఖాళీ ఉంది. మంత్రి ఒత్తిడి నుండి కులపతిని విముక్తం చేసిన న్యాయస్థానం, ఆయన విచక్షణను దేనికి కట్టుబరచాలన్న ప్రశ్నను తాకలేదు. గవర్నర్‌ను నియమించేది రాష్ట్రపతి. అనగా కేంద్ర మంత్రిమండలి. రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతవరకే ఆయన పదవిలో ఉంటారు. అటువంటి వ్యక్తి రాష్ట్ర మంత్రిమండలి సలహాకు అతీతుడైనంతనే రాజకీయాలకు అతీతుడైనట్లు కాదు. స్వతంత్రతను ఒకవైపు నుండి మాత్రమే లెక్కించడం ఈ భాష్యంలోని ప్రధాన లోపం.

2025 జనవరిలో యు.జి.సి. విడుదల చేసిన ముసాయిదా నిబంధనలు ఈ లోపాన్ని విధానంగా మార్చే ప్రయత్నం చేశాయి. వాటి ప్రకారం అన్వేషణ సంఘాన్ని కులపతే ఏర్పాటు చేస్తారు. అందులో కులపతి ప్రతినిధి, యు.జి.సి. అధ్యక్షుని ప్రతినిధి, విశ్వవిద్యాలయ అత్యున్నత మండలి ప్రతినిధి ఉంటారు. రాష్ట్ర ప్రభుత్వానికి ప్రతినిధి లేరు. జీతాలు, పింఛన్లు, భవనాల ఖర్చు భరించే ప్రభుత్వాన్ని నియామక ప్రక్రియ నుండి పూర్తిగా తప్పించడం సమాఖ్య స్ఫూర్తికి విరుద్ధమని పలు రాష్ట్రాలు అభ్యంతరం చెప్పాయి. ఆ అభ్యంతరం సమంజసమే. కాని ముగ్గురిలో విశ్వవిద్యాలయానికి దక్కినది ఒకే స్థానమన్న సంగతిని ఆ రాష్ట్రాలు పెద్దగా ప్రస్తావించలేదు.

5. ఘర్షణ ఫలితం: కేరళ అనుభవం

సాంకేతిక విశ్వవిద్యాలయ తీర్పు వచ్చిన రెండు రోజులకే కేరళ గవర్నర్ ఆరిఫ్ మహమ్మద్ ఖాన్ తొమ్మిదిమంది ఉపకులపతులను రాజీనామా చేయవలసిందిగా ఆదేశించారు. అంతకు కొద్దిరోజుల ముందు కేరళ విశ్వవిద్యాలయంలో జరిగిన వివాదం ఇంతకన్నా ఎక్కువ పరిశీలనార్హం. అక్కడ సెనేట్ ప్రతినిధి లేకుండానే ఇద్దరు సభ్యులతో కులపతి అన్వేషణ సంఘాన్ని ఏర్పాటు చేశారు. సెనేట్ దానిని ఉపసంహరించుకోవలసిందిగా తీర్మానించింది. తన ప్రతినిధిని సూచించలేదు. అక్టోబరులో కులపతి తాను నామినేట్ చేసిన 15 మంది సెనేట్ సభ్యులను తొలగించారు. 2023 మార్చిలో కేరళ ఉన్నత న్యాయస్థానం ఆ తొలగింపును రద్దు చేసింది.

నామినేట్ చేసిన అధికారి అభీష్టం మేరకు సభ్యుడు ఓటు వేయాలనుకుంటే సెనేట్ అనే సభకు అర్థం లేదు. అలాగని సెనేట్ చర్యను కేవలం విద్యాసంబంధమైన ప్రతిఘటనగా చిత్రించడమూ సరికాదు. రాష్ట్ర అధికార పక్షానికి అక్కడ బలముంది. రెండు రాజకీయ శక్తుల పోరాటానికి సెనేట్ వేదిక అయిందే తప్ప, విశ్వవిద్యాలయానికి ఎటువంటి ఉపకులపతి కావాలన్న చర్చ అక్కడ సాగలేదు.

గవర్నర్ స్థానంలో విద్యావేత్తలను కులపతులుగా నియమించే బిల్లును కేరళ శాసనసభ 2022 డిసెంబరులో ఆమోదించింది. గవర్నర్ దానిని రాష్ట్రపతి పరిశీలనకు పంపగా 2024 ఫిబ్రవరిలో సమ్మతి నిరాకరణకు గురైంది. ఇక్కడొక సహజన్యాయ సమస్య ఉంది. కులపతి పదవి నుండి తనను తొలగించే బిల్లుపై గవర్నర్ హోదాలో నిర్ణయం తీసుకునేదీ ఆ వ్యక్తే. ఎవరూ తన వ్యాజ్యానికి తానే న్యాయమూర్తి కారాదన్న సూత్రం ఈ రెండు టోపీల మధ్య నలిగిపోతున్నది. తమిళనాడు కేసులో 2025 ఏప్రిల్ 8న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం, అధిక భాగం విశ్వవిద్యాలయాలకు సంబంధించిన పది బిల్లులకు సమ్మతి లభించినట్లే భావించాలని తీర్పునిచ్చింది. అదే ఏడాది నవంబరు 20న రాష్ట్రపతి నివేదనకు సమాధానంగా అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, అటువంటి భావిత సమ్మతి రాజ్యాంగసమ్మతం కాదని, గవర్నర్‌కు న్యాయస్థానాలు గడువు విధించజాలవని అభిప్రాయపడింది. శాసన మార్గంలో ఈ చిక్కు త్వరగా విడిపోయే అవకాశం తగ్గిందన్నమాట.

ఈ ఘర్షణ పర్యవసానాన్ని అనుభవించేది విద్యార్థులు, పరిశోధకులు. ఉపకులపతి లేని చోట పట్టాపై సంతకం, పరిశోధన మండలి నిర్ణయం, అధ్యాపక నియామక సంఘం సమావేశం, విదేశీ సంస్థతో ఒప్పందం వంటివన్నీ తాత్కాలిక ఏర్పాట్లపై ఆధారపడతాయి. ఉపకులపతుల ఎంపికకు పశ్చిమ బెంగాల్‌లో 2024 జులైలో మాజీ ప్రధాన న్యాయమూర్తి యు.యు. లలిత్‌ను, కేరళలో 2025 ఆగస్టులో విశ్రాంత న్యాయమూర్తి సుధాంశు ధూలియాను సర్వోన్నత న్యాయస్థానమే నియమించవలసి వచ్చింది. ఉపకులపతిని ఎంచుకోవడానికి దేశ అత్యున్నత న్యాయస్థానం పూనుకోవలసి రావడం, కులపతి వ్యవస్థ వైఫల్యానికి స్పష్టమైన నిదర్శనం.

6. సామరస్యం ఫలితం: తెలుగు రాష్ట్రాల అనుభవం

గవర్నర్, ప్రభుత్వం కలహించని చోట విశ్వవిద్యాలయాలు బాగున్నాయా? తెలుగు రాష్ట్రాల అనుభవం ఈ ప్రశ్నకు ముఖ్యమైన ఆధారం.

1986లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉన్నత విద్యా కమిషనరేట్ చట్టాన్ని తెచ్చింది. విశ్వవిద్యాలయాల విద్యావిషయక అధికారాలను కూడా ఒక ప్రభుత్వ సంస్థ కిందికి తెచ్చే ఈ చట్టాన్ని ఉస్మానియా విశ్వవిద్యాలయ అధ్యాపక సంఘం సవాలు చేసింది. ప్రమాణాల సమన్వయం కేంద్ర జాబితాలోని 66వ అంశం పరిధిలోనిదంటూ 1987లో సర్వోన్నత న్యాయస్థానం చట్టాన్ని కొట్టివేసింది. తరువాత 1988లో రాష్ట్ర ఉన్నత విద్యామండలి ఏర్పడింది. ఆ పోరాటంలో విశ్వవిద్యాలయాన్ని కాపాడినది అధ్యాపకుల సంఘం, న్యాయస్థానం. కులపతి పీఠం కాదు.

1991 నాటి ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం పాలకమండలి, యు.జి.సి., ప్రభుత్వం తరఫున ఒక్కొక్క ప్రతినిధి ఉండే అన్వేషణ సంఘం పేర్లను సూచిస్తుంది. కాగితంపై ఇది సమతూకమైన ఏర్పాటు. కాని పాలకమండలిలో ప్రభుత్వం నామినేట్ చేసే సభ్యులదే ప్రాబల్యం కనుక, విశ్వవిద్యాలయ ప్రతినిధిగా వచ్చే వ్యక్తి ఎంపికలోనూ ప్రభుత్వ నీడ పడుతుంది.

తెలంగాణలో 2019లో ఉపకులపతుల పదవీకాలం ముగిసిన తరువాత కొత్తవారు 2021 మేలో గాని రాలేదు. దాదాపు రెండేళ్లపాటు ఐ.ఎ.ఎస్. అధికారులు ఇన్‌ఛార్జీలుగా ఉన్నారు. వారి పదవీకాలం 2024 మేలో ముగియగా మళ్లీ అధికారులే బాధ్యతలు చేపట్టారు. కొత్త నియామకాలు అక్టోబరులో జరిగాయి. మధ్యలో ప్రభుత్వం మారినా పద్ధతి మారలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఎన్నికల తరువాత పలు విశ్వవిద్యాలయాల ఉపకులపతులు గడువు తీరకముందే రాజీనామా చేశారు. 2025 ఫిబ్రవరిలో కొత్తవారు వచ్చారు. ప్రభుత్వం మారితే ఉపకులపతి మారాలన్న అలిఖిత నియమం ఏ చట్టంలోనూ లేదు. ఈ సందర్భాలలో కులపతి విచక్షణాధికారం ఖాళీలను నివారించలేదు. పదవీకాల భద్రతను నిలబెట్టనూ లేదు.

2022 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఆమోదించిన విశ్వవిద్యాలయాల ఉమ్మడి నియామక మండలి బిల్లు మరొక ఉదాహరణ. గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ సందేహాలు వ్యక్తం చేసి విద్యామంత్రి నుండి వివరణ కోరారు. బిల్లుల జాప్యంపై రాష్ట్ర ప్రభుత్వం సర్వోన్నత న్యాయస్థానానికి వెళ్లింది. 200వ అధికరణంలో వీలైనంత త్వరగా అన్న భావానికి రాజ్యాంగపరమైన ప్రాధాన్యం ఉందని 2023 ఏప్రిల్ 24న న్యాయస్థానం గుర్తుచేసింది. చర్చ అంతా గవర్నర్ జాప్యం చుట్టూ తిరిగింది. అధ్యాపకులను ఎంపిక చేసుకునే అధికారం ఒక్కొక్క విశ్వవిద్యాలయానిదా, రాష్ట్రస్థాయి మండలిదా అన్న అసలు ప్రశ్న మరుగున పడింది. ఏళ్ల తరబడి నియామకాలు లేక అధ్యాపక పీఠాలు ఖాళీగా ఉన్న స్థితిలో ఉమ్మడి మండలి సత్వర పరిష్కారంగా కనిపించడం సహజం. అయినా దానికి చెల్లించే మూల్యం ఏమిటో విశ్వవిద్యాలయ వర్గాలు నిర్ణయాత్మక వేదికపై చెప్పుకోగల అవకాశం లేకపోయింది.

7. అమెరికా గవర్నర్లతో పోలిక

అమెరికాలో గవర్నర్ ప్రజలెన్నుకున్న కార్యనిర్వాహక అధినేత. కులపతి హోదా లేకపోయినా బడ్జెట్, ధర్మకర్తల నియామకం ద్వారా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలను గాఢంగా ప్రభావితం చేస్తాడు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ రీజెంట్ల మండలిలోని 26 మందిలో 18 మందిని గవర్నరే నియమిస్తాడు. వారి పదవీకాలం 12 ఏళ్లు కావడం వల్ల ఒక్క గవర్నర్ మండలినంతా మార్చడం కష్టం. అయినా రోనాల్డ్ రీగన్ గవర్నర్ పదవి చేపట్టిన నెలలోనే, 1967 జనవరిలో, ఆ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు క్లార్క్ కెర్‌ను రీజెంట్లు తొలగించారు. ఫ్లోరిడాలో 2023 జనవరిలో గవర్నర్ రాన్ డిశాంటిస్ న్యూ కాలేజీకి ఒకేసారి ఆరుగురు ధర్మకర్తలను నియమించి ఆ సంస్థ స్వభావాన్నే మార్చివేశారు.

విశ్వవిద్యాలయాన్ని ఎన్నికైన నాయకుని చేతికి అప్పగిస్తే అది క్షేమంగా ఉంటుందన్న వాదనకు ఈ అనుభవం హెచ్చరిక. అయితే అక్కడి గవర్నర్ పోషకుడు కూడా. నిధుల కోతకు, నియామకాలకు ఎన్నికలలో ఓటరుకు సమాధానం చెప్పుకోవాలి. మన కులపతికి ఆ పోషకత్వమూ లేదు, ఆ సమాధాన బాధ్యతా లేదు.

8. ప్రత్యామ్నాయాల పరిశీలన

పశ్చిమ బెంగాల్ (2022), పంజాబ్ (2023) శాసనసభలు ముఖ్యమంత్రినే కులపతిగా చేసే బిల్లులను ఆమోదించాయి. ఇది జబ్బును ఒక గది నుండి మరొక గదికి మార్చడమే. పోషణ బాధ్యత ఉన్నవారికి పీఠం దక్కుతుంది గాని, సంస్థపై రాజకీయ నియంత్రణ మరింత సూటిగా మారుతుంది.

గవర్నర్ లేకుండా కులపతి వ్యవస్థ నడవదనడానికి ఆధారం లేదు. హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి ఉన్నత న్యాయస్థాన ప్రధాన న్యాయమూర్తి కులపతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయానికి ట్యూరింగ్ పురస్కార గ్రహీత రాజ్ రెడ్డి తొలి కులపతి. గ్రామీణ విద్యార్థులకు సాంకేతిక విద్య అందించే ఆ సంస్థకు ఒక శాస్త్రవేత్త పీఠాధిపతిగా ఉండటం కులపతి పదానికున్న అధ్యాపన అర్థానికి దగ్గరగా ఉంది.

కాని వ్యక్తిని మార్చడం ఒక్కటే చాలదు. విద్యావేత్తను నియమించేది ప్రభుత్వమే అయినప్పుడు, నియమించిన చేతికి ఆయన లోబడే ప్రమాదం ఉంటుంది. అందువల్ల మార్పు ప్రక్రియలో రావాలి. అన్వేషణ సంఘంలో విశ్వవిద్యాలయ విద్యామండలి ఎన్నుకున్న సభ్యులకు ఆధిక్యం ఉండాలి. ఉపకులపతి పదవీకాలం ముగియడానికి ఆరు నెలల ముందే ప్రక్రియ మొదలు కావాలని చట్టంలోనే రాయాలి. ఖాళీ ఏర్పడితే బాధ్యత అధికారికి కాక ఆ విశ్వవిద్యాలయంలోని అత్యంత సీనియర్ ఆచార్యునికి సంక్రమించాలి. సూచించిన పేర్లలో ఒకరిని ఎంచుకోవడానికి గల కారణాలను కులపతి లిఖితపూర్వకంగా వెల్లడించాలి. వీటిలో చాలా వాటికి రాజ్యాంగ సవరణ అవసరం లేదు. గవర్నర్‌ను తొలగించే నిబంధనలేని సవరణ బిల్లుకు సమ్మతి పొందడమూ సాపేక్షంగా సులభమే.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• కులపతిగా గవర్నర్ అన్న ఏర్పాటు వలస పాలన నుండి సంక్రమించినది. రాజ్యాంగం విధించినది కాదు.

• న్యాయస్థానాలు కులపతి విచక్షణను రాష్ట్ర మంత్రిమండలి నుండి వేరుచేశాయి గాని, దానికి మరొక జవాబుదారీ వేదికను చూపలేదు.

• కేరళ, తమిళనాడు, పశ్చిమ బెంగాల్‌లలో ఈ విచక్షణ ప్రతిష్టంభనకు దారితీసింది. తెలుగు రాష్ట్రాలలో అది ఖాళీలనూ, అకాల నిష్క్రమణలనూ నివారించలేకపోయింది.

• ముఖ్యమంత్రిని కులపతిని చేయడం స్వయంప్రతిపత్తికి పరిష్కారం కాదు.

గవర్నర్‌కు ఎంత, ముఖ్యమంత్రికి ఎంత అన్న పంపకంగా ఈ వివాదాన్ని చూసినంతకాలం విశ్వవిద్యాలయం పంచుకోవలసిన ఆస్తిగానే మిగులుతుంది. 1986 నాటి చట్టాన్ని ప్రశ్నించినది అధ్యాపక సంఘమన్న సంగతి నేటి అధ్యాపకులకు, పరిశోధకులకు గుర్తుండాలి. ఉపకులపతి ఎంపిక తమకు సంబంధించిన విషయమని వారు విద్యామండళ్లలోను, సంఘాలలోను, అవసరమైతే న్యాయస్థానాలలోను పట్టుబట్టనిదే ఏ చట్ట సవరణా స్వయంప్రతిపత్తిని ఇవ్వజాలదు.